పరదా పక్కకు జరిపితే... వేడివేడి అన్నం!

జపాన్ భోజనం అనగానే మనకు గుర్తొచ్చేది సుషీ. తెల్లకోటు వేసుకున్న వంటవాడు పచ్చిచేపను పూరేకులా కోసి చిన్న అన్నం ముద్ద మీద పెట్టడం, మనం దాన్ని అపురూపంగా నోట్లో వేసుకోవడం, ఆనక బిల్లు చూసి గుండె జారిపోవడం! కానీ టోక్యోలో ఉండే సగటు ఉద్యోగి రోజూ అది తినడు. తినలేడు కూడా. మనం మాత్రం రోజూ పెళ్లి భోజనం చేస్తామా ఏంటి?

మరి మధ్యాహ్నం పన్నెండయ్యేసరికి ఆ ఉద్యోగి ఎక్కడికెళ్తాడు? రైల్వేస్టేషన్ వెనక సందులో, లాండ్రీ షాపుకీ సైకిళ్ల కొట్టుకీ మధ్య ఇరుక్కుని ఉండే ఓ చిన్న హోటల్‌కి. పది కుర్చీలు, రెండు బల్లలు. పొయ్యి దగ్గర భర్త, బల్లల దగ్గర భార్య. కింద హోటలు, పైన వాళ్ల ఇల్లు. అలాంటి వాటిని అక్కడ 'షొకుదో' అంటారు. భోజనశాల అని అర్థం. మన ఊళ్లలోని మెస్సుల్లాంటివన్నమాట. విదేశీ పర్యటకుల ఫొటోల్లో ఇవి అంతగా కనిపించవు. కానీ జపాన్ రోజూ ఏం తింటుందో, ఎలా బతుకుతుందో తెలుసుకోవాలంటే వెళ్లాల్సింది ఇక్కడికే. అదీ కాస్త తొందరగా వెళ్లాలి. ఎందుకంటే... అవి ఒక్కటొక్కటిగా మూతపడుతున్నాయి.

పరదా ఉంటే తెరిచినట్టే!

షొకుదో తెరిచారో లేదో తెలుసుకోవడానికి టైము చూడక్కర్లేదు, గుమ్మం చూస్తే చాలు. పైనుంచి పొట్టి గుడ్డ పరదా వేలాడుతుంటే తెరిచినట్టు. లేదంటే మూసినట్టు. దీని పేరు 'నోరెన్'. ముదురు నీలం గుడ్డ మీద తెల్లటి అక్షరాలతో హోటల్ పేరో, అక్కడ దొరికే వంటకం పేరో రాసి ఉంటుంది. పొద్దున దాన్ని కట్టడం, రాత్రి తీసి లోపల పెట్టుకోవడం యజమాని దినచర్య. కొట్టు కట్టేయడాన్ని జపనీయులు 'పరదా దించడం' అంటారు. ఏళ్ల తరబడి నమ్మకంగా పనిచేసిన మనిషి అదే పేరుతో సొంత కొట్టు పెట్టుకునేందుకు యజమాని ఒప్పుకుంటే, దాన్ని 'పరదా పంచివ్వడం' అంటారు. ఓ గుడ్డముక్కకు ఎంత పరువో చూశారా!

కొన్ని హోటళ్ల ముందు అద్దాల అలమరా ఉంటుంది. అందులో అన్నం, పులుసు, వేయించిన చేప, నురగలు కక్కే బీరు... అన్నీ ఘుమఘుమలాడుతున్నట్టే కనిపిస్తాయి. కానీ ఏవీ నిజం కాదు. అన్నీ బొమ్మలే. ఒకప్పుడు మైనంతో చేసేవారు, ఇప్పుడు ప్లాస్టిక్. ఈ బొమ్మల్ని పెద్ద వ్యాపారంగా మార్చింది ఇవసాకి తకిజో అనే ఆయన. గిఫు జిల్లాలోని గుజో హచిమాన్ ఆయన సొంతూరు. 1932లో ఒసాకాలో వ్యాపారం మొదలుపెట్టాడు. ఇప్పటికీ ఆ ఊరు వంటకాల బొమ్మలకు ప్రసిద్ధి. భాష రాని కొత్తవాళ్లకు ఈ అలమరా దేవుడిచ్చిన వరం. సర్వర్‌ని బయటికి పిలిచి 'ఇది కావాలి' అని వేలు చూపిస్తే చాలు.

పరదా పక్కకు జరిపి, తల కాస్త వంచి లోపలికి అడుగు పెట్టగానే 'ఇరష్షయిమసే!' అని కేక వినిపిస్తుంది. దయచేయండి అని అర్థం. దానికి జవాబు చెప్పాల్సిన పనిలేదు, చిరునవ్వు చాలు. కూర్చోగానే చేతులు తుడుచుకోవడానికి తడి తువ్వాలు తెచ్చిస్తారు. చాలాచోట్ల చలికాలమైతే వేడిది, ఎండాకాలమైతే చల్లది. పక్కనే గ్లాసు మంచినీళ్లో, టీయో. వాటికి డబ్బుల్లేవు.

ఇక మెనూ కార్డు కోసం వెతక్కండి. అది గోడ మీదే ఉంటుంది. నిలువు చీటీల మీద చేత్తో రాసిన వంటకాల పేర్లు, ధరలు వరసగా అతికించి ఉంటాయి. పాతవి నూనె పొగకు పసుపెక్కిపోతే, ఆ వారం వేసిన చీటీ ఒక్కటే తెల్లగా మెరుస్తుంటుంది. గోడను చూసి రుతువు చెప్పేయొచ్చు. 'చల్లని నూడుల్స్ మొదలుపెట్టాం' అనే చీటీ కనిపిస్తే ఎండాకాలం వచ్చేసినట్టు. ఆల్చిప్పల వేపుడు కనిపిస్తే చలి మొదలైనట్టు. వంకాయ వంటకాలు పెరిగితే శరదృతువన్నమాట. అన్నట్టు వంకాయ గురించి అక్కడో సామెత ఉంది. శరదృతువు వంకాయని కోడలికి పెట్టకూడదట! అంత రుచైనది కోడలికి దక్కకూడదన్న అత్తగారి కుళ్లు అని కొందరంటారు. కాదు కాదు, వంకాయ ఒంటికి చలవ చేస్తుంది కాబట్టి కడుపుతో ఉన్న కోడలి మీద ప్రేమతో అన్న మాటని ఇంకొందరంటారు. అత్తాకోడళ్ల వ్యవహారం ఏ దేశంలోనైనా ఒకటే!

ఒక పులుసు... మూడు కూరలు

షొకుదోకి ప్రాణం 'తెయిషొకు'. అంటే ఒకే ట్రేలో వచ్చే పూర్తి భోజనం. ఎడమవైపు అన్నం గిన్నె, కుడివైపు మిసో పులుసు, వెనక అసలు వంటకం, పక్కన చిన్న గిన్నెలో ఉడికించిన కూరో తోఫూనో, ఇంకో బుల్లి పళ్లెంలో ఊరగాయ. 'ఒక పులుసు, మూడు కూరలు' అనేది జపాన్ భోజనానికి పాతకాలం నుంచీ వస్తున్న కొలత. ఇంట్లో అమ్మ వడ్డించేదీ ఇలాగే, హోటల్లో పెట్టేదీ ఇలాగే. ఈ సంప్రదాయ భోజన పద్ధతినే 'వషొకు' అంటారు. 2013లో యునెస్కో దీన్ని మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

అసలు వంటకం అంటే ఏముంటుంది? ఉప్పు రాసి కాల్చిన చేప, అల్లం వేసి వేయించిన పంది మాంసం, బ్రెడ్ పొడిలో దొర్లించి నూనెలో వేయించిన 'తొంకత్సు', బంగాళాదుంప 'కొరొక్కె'... ఇలాంటివి. తమాషా ఏంటంటే ఇందులో సగం జపాన్ సొంతం కాదు. కొరొక్కె యూరప్‌లో క్రొకెట్. తొంకత్సు అక్కడి కట్‌లెట్‌కి చుట్టం. టోక్యోలోని గింజా వీధిలో 1895లో పెట్టిన రెంగాతెయి అనే హోటల్లో 1899లో పంది మాంసం కట్‌లెట్ వండటంతో దానికి దారి పడింది. అంతకుముందు కొన్ని శతాబ్దాలపాటు జంతు మాంసం తినడం జపాన్‌లో చాలావరకు నిషిద్ధం. 1872లో చక్రవర్తి మెయిజీ స్వయంగా గొడ్డు మాంసం తిన్నారన్న వార్త బయటికొచ్చాకే జనానికి జంకు తీరింది. అలా పరాయి వంటకాన్ని తెచ్చుకుని, చాప్‌స్టిక్స్‌తో తినడానికి వీలుగా ముక్కలు కోసి, పక్కన అన్నమూ మిసో పులుసూ పెట్టి తమదిగా చేసేసుకున్నారు.

మన దేశం నుంచి వెళ్లిన కూర కథా అంతే. కాకపోతే నేరుగా వెళ్లలేదు, బ్రిటిష్‌వాళ్ల ఓడలెక్కి వెళ్లింది. మెయిజీ కాలంలో జపాన్ చేరి, గోధుమపిండి కలిపిన చిక్కటి, కాస్త తియ్యటి గ్రేవీగా మారిపోయింది. పేరు 'కరే రైసు'. ఇప్పుడది పిల్లలకు ప్రాణం. మనవాళ్లు రుచి చూస్తే 'ఇది కూరా?' అని ఆశ్చర్యపోతారు. కానీ దాన్ని విదేశీ వంటకమని ఏ జపాన్ పిల్లాడూ అనుకోడు!

ఇక అన్నం. మన సోనామసూరిలా పొడిపొడిగా ఉండదు. పొట్టి గింజ, జిగురు. అందుకే చాప్‌స్టిక్స్‌కి చక్కగా అంటుకుని వస్తుంది. మన దగ్గర పళ్లెం ఎత్తి పట్టుకుని తింటే పెద్దవాళ్లు కోప్పడతారు. అక్కడ రివర్సు! అన్నం గిన్నెను చేత్తో ఎత్తి పట్టుకోవాలి. గిన్నెను బల్ల మీదే ఉంచి దాని మీదకు వంగితే మర్యాద తెలియనట్టు. మిసో పులుసుకి చెంచా ఉండదు, గిన్నె ఎత్తి తాగడమే. మనం చారు తాగినట్టు. చాలా షొకుదోల్లో అన్నం మరోసారి అడిగితే పెడతారు. దానికి 'ఒకవరి' అని పేరు. కొన్నిచోట్ల అది ఉచితం. ఇంతా కలిపి ధర ఊరినీ వీధినీ బట్టి 700 నుంచి 1,000 యెన్‌ల చుట్టూ ఉంటుంది. మన లెక్కలో సుమారు 400 నుంచి 600 రూపాయలు. టోక్యో జీతాలతో పోలిస్తే అది తక్కువే.

ఆకలి పెట్టించిన హోటళ్లు

ఈ చవక భోజనశాలల వెనక పెద్ద కథే ఉంది. 1918 వేసవిలో జపాన్‌లో బియ్యం ధర ఆకాశాన్నంటింది. తొయామా తీరంలోని జాలర్ల భార్యలు 'మా ఊరి బియ్యం బయటికి పంపడానికి వీల్లేదు' అని రోడ్డెక్కారు. ఆ గొడవ దేశమంతా పాకింది. ఆ సెప్టెంబరులో ప్రధాని తెరవుచి ప్రభుత్వమే దిగిపోయింది. ఆ దెబ్బకి ఒసాకా, టోక్యో లాంటి నగరాల్లో పాలకులే చవక భోజనశాలలు తెరిచారు. కూలీలు, గుమస్తాలు, విద్యార్థులు అక్కడ కడుపు నింపుకునేవారు.

యుద్ధకాలంలో బియ్యానికి రేషన్ వచ్చింది. బయట తినాలన్నా ప్రభుత్వం ఇచ్చే భోజనం కూపన్ ఉండాల్సిందే. ఆ కూపన్లు తీసుకుని అన్నం పెట్టే హోటళ్లు ప్రత్యేకంగా ఉండేవి. యుద్ధం ముగిశాక కూడా చాలా ఏళ్లు అదే తంతు. ఆ తర్వాత 1950, 60ల్లో ఫ్యాక్టరీలు లేచాయి. ఉత్తరాది పల్లెల్లో బడి చదువు ముగించిన పదిహేనేళ్ల పిల్లల్ని గుంపులుగా రైళ్లెక్కించి టోక్యోకి పనులకు తీసుకొచ్చేవారు. అమ్మని వదిలి వచ్చిన ఆ పిల్లలకు వీధి చివరి షొకుదోనే ఇల్లయింది. అక్కడ వడ్డించే పెద్దావిడని 'ఒబచాన్' అని పిలుచుకునేవారు. అంటే పిన్నీ అన్నట్టు. వాళ్లలో కొందరు తర్వాత సొంతంగా పరదా కట్టుకున్నారు. ఇవాళ డెబ్భైలూ ఎనభైల్లో ఉండి ఇంకా పొయ్యి ముందు నిలబడుతున్న యజమానులు చాలామంది ఆ తరం వాళ్లే.

శాకాహారులూ... జాగ్రత్త!

టోక్యోలోని ఎదొగవా వార్డులో నిషి కసాయి అనే పేట ఉంది. 2000వ సంవత్సరం ముందునుంచీ మన దేశపు సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లు అక్కడ కుటుంబాలతో స్థిరపడుతూ వస్తున్నారు. 2024 చివరికి జపాన్‌లో ఉంటున్న భారతీయుల సంఖ్య 50 వేలు దాటింది. వారిలో తెలుగువాళ్లూ ఉన్నారు. మాంసాహారులకు షొకుదోతో పెద్ద పేచీ లేదు. కష్టమల్లా శాకాహారులకే.

'మాంసం వద్దు' అంటే మాంసం మానేస్తారు. కానీ పులుసులో చేప ఉంటుందని విడిగా చెప్పరు. ఎందుకంటే వాళ్ల దృష్టిలో అది చేప కాదు... 'దషీ'! ఎండబెట్టి, పొగబెట్టి, కొయ్యముక్కలా గట్టిపడ్డ చేపని చిత్రిక పట్టినట్టు పల్చగా తురిమి, కొంబు అనే సముద్రపు నాచుతో కలిపి వేడినీళ్లలో వేసి తీసిన రసం అది. మిసో పులుసు, ఉడికించిన కూరలు, నూడుల్స్ రసం... చాలావాటికి ఆధారం దషీయే. మన పోపులాగా అది లేకపోతే వంటే కాదు. అందుకే శాకాహారులు 'చేప దషీ కూడా వద్దు' అని విడిగా చెప్పాలి. అయినా చిన్న హోటళ్లలో పొద్దున్నే పెద్ద గిన్నెడు పులుసు కాచేస్తారు కాబట్టి అప్పటికప్పుడు మార్చడం కుదరదు. అన్నం, ఊరగాయ, చల్లని తోఫూ మీద సోయా సాస్... వీటితో సరిపెట్టుకోవాల్సి రావచ్చు. తోఫూ మీదా చేప తురుము చల్లే అలవాటుంది, ముందే వద్దనాలి. ఊరగాయ మాత్రం మనవాళ్లని ఆదుకుంటుంది. ఉప్పులో ఊరిన 'ఉమెబోషి' కాయ పుల్లదనానికి కళ్లు మూసుకుపోతాయి. బెండకాయ కూడా కనిపిస్తుంది. దాని పేరు అక్కడ 'ఒకురా'. మనం జిగురు పోవాలని వేయిస్తాం, వాళ్లు ఆ జిగురు కోసమే తింటారు!

దషీకి మన వీధులతోనూ ఓ చుట్టరికం ఉంది. ఆ రసానికి అంత రుచి ఎక్కణ్నుంచి వస్తోందని టోక్యో ఇంపీరియల్ విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ ఇకెద కికునయె ఆలోచనలో పడ్డారు. 1908లో కొంబు నాచు నుంచి గ్లుటమేట్‌ను వేరుచేశారు. తీపి, పులుపు, ఉప్పు, చేదు కాని ఈ రుచికి 'ఉమామి' అని పేరు పెట్టారు. ఆ మరుసటి ఏడాదే అది తెల్లటి పొడిగా మార్కెట్లోకి వచ్చింది. పేరు... అజినోమోటో! మన ఊళ్లో నూడుల్స్ బండివాడు చిటికెడు చల్లే పొడి పుట్టిల్లు జపాన్ వాళ్ల పులుసు గిన్నె అన్నమాట.

వెళ్తే... ఇవి మర్చిపోవద్దు

* చాప్‌స్టిక్స్‌ని అన్నంలో నిలువుగా గుచ్చకూడదు. చనిపోయినవారికి పెట్టే అన్నంలో మాత్రమే అలా గుచ్చుతారు.

* ఒకరి చాప్‌స్టిక్స్ నుంచి మరొకరి చాప్‌స్టిక్స్‌కి ముక్క అందించకూడదు. దహనం తర్వాత అస్థికలు ఏరేటప్పుడు అలా అందించుకుంటారు. పక్కవాళ్లకి ఇవ్వాలంటే వాళ్ల పళ్లెంలో పెట్టాలి.

* నూడుల్స్ జుర్రుమని చప్పుడు చేస్తూ తినొచ్చు. ఎవరూ ఏమీ అనుకోరు.

* టిప్పు ఇవ్వొద్దు. బల్ల మీద చిల్లర వదిలేస్తే మర్చిపోయారేమో అనుకుని వెంట పరిగెత్తుకొస్తారు.

* తినే ముందు 'ఇతదకిమస్' అంటారు. వినయంగా స్వీకరిస్తున్నాను అని. తిన్నాక 'గొచిసోసమ'. మంచి భోజనం పెట్టారు అని. బయటికి వెళ్తూ ఈ రెండో మాట పొయ్యి దగ్గరున్న మనిషికి వినిపించేలా చెబితే ఆయన ముఖం వెలిగిపోతుంది.

ఒంటరివాళ్లకు తోడు

మన దగ్గర హోటల్‌కి ఒక్కరే వెళ్లి తింటే 'పాపం, ఎవరూ లేరేమో' అనుకుంటారు. జపాన్‌లో అలాంటి మొహమాటం తక్కువ. పొయ్యికి ఎదురుగా పొడవాటి బల్ల వేసి ఉంటుంది. ఒంటరిగా వచ్చినవాళ్ల చోటు అది. అక్కడ కూర్చుంటే ముందు వంట, వెనక టీవీ. మాట్లాడాలనిపిస్తే వంటాయన ఉన్నాడు. లేదంటే మౌనంగా తిని వెళ్లిపోవచ్చు. 2020 జనాభా లెక్కల ప్రకారం జపాన్‌లో నూటికి 38 ఇళ్లలో ఉండేది ఒక్క మనిషే. దేశ జనాభాలో దాదాపు 29 శాతం మంది 65 ఏళ్లు దాటినవాళ్లు. అలాంటి దేశంలో 'ఏంటి, రెండు రోజులుగా రాలేదు?' అని అడిగే మనిషి ఒకరుండటం చిన్న విషయం కాదు. రోజూ వచ్చే పెద్దాయన కనిపించకపోతే ముందుగా తెలిసేది వీధి చివరి హోటల్ ఆవిడకే.

అందుకేనేమో, జపాన్‌లో ఈ హోటళ్ల చుట్టూ కథలే పుట్టాయి. అబె యరో 2006లో మొదలుపెట్టిన 'షిన్య షొకుదో' కామిక్ కథల్లో హోటల్ అర్ధరాత్రి పన్నెండుకి తెరుస్తారు, పొద్దున ఏడుకి మూస్తారు. గోడ మీద భోజనం ఒక్కటే రాసి ఉంటుంది, పంది మాంసం పులుసుతో తెయిషొకు. కానీ సరుకులుంటే ఎవరేం అడిగినా వండిపెడతాడు యజమాని. ట్యాక్సీ డ్రైవరూ, డాన్సరూ, రౌడీ అంతా ఒకే బల్ల దగ్గర కూర్చుని తమకిష్టమైన చిన్ననాటి వంటకం అడుగుతారు. 2009లో టీవీకెక్కిన ఈ కథ 2016లో నెట్‌ఫ్లిక్స్‌లోకీ వచ్చింది. 'కొదొకు నో గురుమె' ఇంకో రకం. 1994లో కామిక్‌గా మొదలై 2012లో టీవీ సీరియల్ అయింది. ఊరూరా తిరిగే ఓ వ్యాపారి ఆకలేసినప్పుడల్లా కంటపడ్డ హోటల్లోకి దూరి ఒంటరిగా తింటాడు. అంతే కథ! అందులో చూపించేవి నిజమైన వీధి హోటళ్లే. ఎపిసోడ్ రాగానే ఆ వీధిలో క్యూలు కడతారు జనం.

దిగిపోతున్న పరదాలు

టీవీలో చూసి మురిసిపోయే జనం ఉన్నా, వీధిలో పరదాలు దిగిపోతూనే ఉన్నాయి. కారణాలు కంటికి కనిపించేవే. పొయ్యి ముందు నిలబడే ఆయనకు వయసైపోయింది. కొడుకు ఆఫీసు ఉద్యోగంలో ఉన్నాడు, తెల్లవారుజామున లేచి దషీ కాచే పని తనకొద్దంటాడు. కరోనా దెబ్బ ఇంకోటి. స్టేషన్ ముందు వెలిసిన పెద్ద చెయిన్ హోటళ్లు వేల కుర్చీలకు సరిపడా సరుకు ఒకేసారి కొంటాయి కాబట్టి తక్కువకు పెట్టగలవు. పది కుర్చీల హోటల్‌కి ఆ బేరం రాదు.

పోనీ ధర పెంచుదామా అంటే, రోజూ తినే మనుషుల ముఖం చూసి మనసొప్పదు. రామెన్ నూడుల్స్ కొట్లవాళ్లు '1,000 యెన్‌ల గోడ' అని ఓ మాట వాడతారు. గిన్నె ధర ఆ అంకె దాటితే జనం వెనకాడతారని భయం. నూనె, గోధుమపిండి, గ్యాసు అన్నీ పెరిగినా ఆ గోడ ముందే ఆగిపోయి నష్టపోయినవాళ్లు చాలామంది.

ఇది చాలదన్నట్టు బియ్యం! 2025 మే నెలలో సూపర్‌మార్కెట్లలో 5 కిలోల బియ్యం సగటు ధర 4,200 యెన్‌లు దాటింది. ఏడాది కిందటితో పోలిస్తే రెట్టింపు. ప్రభుత్వం ఆపత్కాలం కోసం దాచిన నిల్వల్ని బయటికి తీసింది. సరిగ్గా ఆ సమయంలోనే వ్యవసాయ మంత్రి ఎతో తకు 'నేనెప్పుడూ బియ్యం కొనలేదు, మా మద్దతుదారులే బోలెడు ఇస్తారు' అన్నట్టు మాట్లాడి జనాగ్రహానికి గురై పదవి పోగొట్టుకున్నారు. 1918లో బియ్యం ఓ ప్రభుత్వాన్ని దించితే, 2025లో ఓ మంత్రిని దించింది. ఉచితంగా రెండోసారి అన్నం పెట్టే హోటల్‌వాళ్లకు ఆ ఏడాది ఎలా గడిచి ఉంటుందో ఊహించుకోవచ్చు. కొందరు గోడ మీద కొత్త చీటీ అతికించారు... 'క్షమించండి, ఇకపై రెండో గిన్నెకు డబ్బులు' అని.

కొత్త చేతుల్లో పాత గరిటె

ఇంతటితో కథ అయిపోయినట్టేనా? కాదంటోంది ఓ ఇంజినీరు. కొబయాషి సెకై టోక్యో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో గణితం చదివింది. ఐబీఎంలో, ఆ తర్వాత కుక్‌ప్యాడ్ అనే వంటల వెబ్‌సైట్ కంపెనీలో ఇంజినీరుగా పనిచేసింది. ఆ ఉద్యోగం వదిలేసి, రకరకాల హోటళ్లలో పని నేర్చుకుని, 2015లో టోక్యోలోని పాతపుస్తకాల పేట జింబొచోకి దగ్గర్లో 'మిరాయి షొకుదో' తెరిచింది. పన్నెండు కుర్చీలే. రోజుకి ఒకే భోజనం. వెళ్లి కూర్చోవడమే ఆలస్యం, ట్రే ముందుకొస్తుంది. ఏం తినాలా అన్న ఆలోచనా లేదు, మిగిలిపోయి పారేసే కూరా లేదు.

అసలు విశేషం వేరే ఉంది. ఒకసారి తిని వెళ్లినవాళ్లెవరైనా వచ్చి 50 నిమిషాలు పనిచేస్తే ఒక పూట భోజనం ఉచితం. గిన్నెలు తోమొచ్చు, వడ్డించొచ్చు, ఊడవొచ్చు. పనిచేసినవాళ్లు తమ భోజనం టికెట్‌ని తామే వాడుకోవాలనేం లేదు. గుమ్మం దగ్గర అతికించి వెళ్లిపోవచ్చు. జేబులో డబ్బుల్లేనివాళ్లు దాన్ని తీసుకుని లోపలికెళ్లి తినొచ్చు. ఎవరు అతికించారో, ఎందుకు తీసుకున్నారో అడగరు. దానం చేస్తున్నామన్న గొప్పా ఉండదు, పుచ్చుకున్నామన్న చిన్నతనమూ ఉండదు. పైగా హోటల్ జమాఖర్చుల్ని ఆమె అందరికీ కనిపించేలా బయటపెట్టింది, ఇంకెవరైనా ఇలాంటిది పెట్టాలనుకుంటే పనికొస్తుందని.

ఇంకో మార్పు ఓ కూరగాయల కొట్టులో మొదలైంది. టోక్యోలోని ఓతా వార్డులో కొందో హిరొకో అనే ఆవిడ కొట్టు నడిపేది. తల్లికి ఆరోగ్యం బాగోక, బడిలో పెట్టే భోజనం తప్ప ఒక్క అరటిపండుతో రోజు గడుపుతున్న పిల్లాడి గురించి ఓ బడి ఉపప్రధానోపాధ్యాయుడి నోట వింది. మనసు ఊరుకోలేదు. 2012లో తన కొట్టులోనే పిల్లలకు చవగ్గా వేడి భోజనం పెట్టడం మొదలుపెట్టింది. పేరు 'కొదొమొ షొకుదో', పిల్లల భోజనశాల. ఆ మాట, ఆ పద్ధతి దేశమంతా పాకాయి. 2024 నాటికి అలాంటివి పదివేలు దాటాయి. ఇప్పుడక్కడ పిల్లలే కాదు, ఒంటరిగా ఉండే పెద్దవాళ్లూ వచ్చి తింటున్నారు. చాలావరకు నడిపేది ఇరుగుపొరుగువాళ్లే. ఒకరు బియ్యం ఇస్తే ఇంకొకరు కూర తరుగుతారు.

చూస్తే ఇవేవీ కొత్త ఆలోచనలు కావు. పల్లె నుంచి వచ్చిన పదిహేనేళ్ల పిల్లాడికి ఆనాటి ఒబచాన్ అడక్కుండానే రెండో గిన్నె అన్నం పెట్టింది. ఇప్పుడు అదే పనికి ఓ టికెట్టూ, ఓ పేరూ వచ్చాయి, అంతే. భార్యాభర్తలిద్దరే మోసిన బరువును వీధి వీధంతా తలా కాస్త పంచుకుంటోంది.

ఎప్పుడైనా జపాన్ వెళ్తే, లేదా అక్కడున్న మీ అబ్బాయో అమ్మాయో రమ్మంటే, ఓ పూట సుషీ సంగతి పక్కన పెట్టండి. స్టేషన్ వెనక సందులోకి తిరగండి. నీలం పరదా కనిపిస్తే తల వంచి లోపలికెళ్లండి. గోడ మీద చీటీలు అర్థం కాకపోతే పక్కాయన ట్రేని చూపించండి. కడుపు నిండాక, వెళ్లేముందు పొయ్యి వైపు తిరిగి ఆ ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పండి... 'గొచిసోసమ!'